చేతికున్న నోరు

సరుకు యార్డులో అతని అసలు పేరు చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా వాడరు. అందరికీ అతను జెండా. పనిలో చేరిన కొత్తలో ఒక చేత ఎర్రజెండా, ఒక చేత పచ్చజెండా పట్టుకుని క్రేను కింద నిలబడేవాడు. కొన్నాళ్ళకు జెండాలు పోయి వట్టి చేతులు మిగిలాయి గానీ పేరు మాత్రం పోలేదు. బరువును ఎత్తేది క్రేను, క్రేనును నడిపేది పైన కూర్చున్న ఆపరేటరు, ఆ ఆపరేటరును నడిపేది కింద నిలబడ్డ జెండా. చూపుడువేలు పైకెత్తి గిరగిరా తిప్పితే లోడు లేస్తుంది. కిందికి చూపించి తిప్పితే దిగుతుంది. ఒక చెయ్యి కదలకుండా పెట్టి దాని కింద రెండో చెయ్యి తిప్పాడంటే మెల్లగా అని. రెండు చేతులూ బారజాపి అరచేతులు నేలకేసి పెట్టాడంటే మాత్రం ఎక్కడి లోడు అక్కడ ఆగిపోవాల్సిందే.

పైన కేబిన్లో కూర్చునేది ఎవరో కాదు, అతని భార్యకు స్వయానా అన్న. ఇతను బావా అంటే అతనూ బావా అనేవాడు. ఒక్క వానాకాలం మాత్రం ఆ పిలుపు ఆగిపోయింది. జెండా మేడ మీదికి మెట్లు కట్టించుకున్నాడు. అవి కాస్త నిటారుగా వచ్చాయి. "ఇవి ఎక్కాలంటే నా క్రేను తెచ్చుకోవాలి" అని బావ నలుగురిలో నవ్వాడు. జెండాకు తల కొట్టేసినట్టయింది. ఆ వానాకాలమంతా ఇద్దరికీ మాటల్లేవు. దారిలో ఎదురైతే ఒకరు అటు, ఒకరు ఇటు చూసేవాళ్ళు. యార్డులో మాత్రం లోడ్లు ఎప్పటిలాగే లేచాయి, ఎప్పటిలాగే దిగాయి, ఒక్క పెట్టె కూడా గీసుకోలేదు. అలక నోటిదే గానీ చేతులది కాదు కదా. చివరికి ఒక సాయంత్రం, పని అయిపోయింది దిగమని సైగ చేస్తూ జెండా దానికి టీ గ్లాసు సైగ కూడా జత చేశాడు. బావ దిగొచ్చాడు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు.

అలాంటి మనిషి నోటితో పని చేయాల్సిన కాలం వచ్చిపడింది.

యార్డుకు కొత్త క్రేన్లు వచ్చాయి. వాటికి కేబిన్లు లేవు. ఆపరేటర్లు ఎక్కడో ఏసీ గదిలో తెరల ముందు కూర్చుంటారు. వాళ్ళలో కొందరు ఏ దేశం వాళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. కెమెరాలన్నీ లోడు వైపు చూస్తాయి తప్ప కింద నిలబడ్డ మనిషిని చూడవు. ఆ మనిషి చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని, ఎత్తమనీ దించమనీ ఇంగ్లీషులో చెప్పాలి. దానికొక నోటి పరీక్ష పెట్టారు. గట్టెక్కితే క్రేను కింద ఉంటాడు. తప్పితే మరొక్కసారి అవకాశం ఇస్తారు. అదీ తప్పితే తాళ్ళ షెడ్డు. పాత తాళ్ళూ గొలుసులూ వేరు చేసి చుట్టలు చుట్టి పెట్టడం అక్కడి పని. అక్కడినుంచి ఆకాశం కూడా కనపడదు.

"జీతంలో తేడా ఏమీ ఉండదులే" అని ఆఫీసరు ఓదార్చాడు. ఆ ఓదార్పుకే జెండాకు ఎక్కువ ఒళ్ళు మండింది. అంత పెద్ద ఇనప పెట్టె తన వేలు చూసి గాల్లోకి లేస్తుంటే కింద నిలబడ్డవాడికి కలిగేదేదో ఉంది. అది జీతం కాగితంలో ఉండదు. బావ మాత్రం పేచీ పెట్టలేదు. "నీ చెయ్యి కనపడకుండా నేనేం ఎత్తను బావా" అని ముందే రాజీనామా పారేసి ఇంట్లో కూర్చున్నాడు. జెండాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇంగ్లీషు క్లాసులో చేరాడు.

క్లాసు టైర్ల షాపు మీద గదిలో. కింద గాలి కొట్టే మిషను మోగినప్పుడల్లా పైన పాఠం ఆగేది. చుట్టూ కాలేజీ పిల్లలు, సేల్స్ కుర్రాళ్ళు. టీచరమ్మ జెండా కూతురికంటే చిన్నది. మంచి పిల్లే, పాపం. మొదటి రోజే "సార్, సిగ్గుపడకండి. తప్పులొచ్చినా పర్వాలేదు, మాట్లాడేయండి" అంది. ఈ మాట అనని వాళ్ళు లోకంలో లేరు. తప్పులొచ్చినా పర్వాలేదంటారు, తప్పు రాగానే పెదవి కొరుక్కుంటారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. జెండా లేచి నిలబడి తన పని గురించి చెప్పబోయాడు. "ఐ... క్రేన్... అప్" అనేలోపే వేలు గాల్లోకి లేచి తిరగడం మొదలుపెట్టింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"చేతులు జేబులో పెట్టుకోండి సార్" అంది టీచరమ్మ. "మీ చేతులే అన్నీ చెప్పేస్తున్నాయి. ఇక నోటికి పనేముంటుంది?"

సరే కదా అని పెట్టుకున్నాడు. అంతే, ఉన్న రెండు ముక్కలూ పోయాయి. ఇంగ్లీషు సంగతి అటుంచండి, ఆ రోజు క్లాసయ్యాక కింద టైర్ల షాపతను "ఏంటన్నా, పైన ఏం నేర్పారు?" అని అడిగితే, జేబుల్లోంచి చేతులు తియ్యడం మరిచిపోయి నిలబడ్డ జెండాకు తెలుగు కూడా రాలేదు. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే కాబోలు అనుకుని ఇంటికొచ్చాడు.

ఇంట్లో కూతురు ఇంకో చట్టం చేసి పెట్టింది. ఆమె కొరియర్ ఆఫీసులో కౌంటరు ముందు కూర్చుంటుంది, నోటి పనే. దీపాలు పెట్టినప్పటినుంచి అన్నాలు తినేదాకా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలంది. దాంతో ఇల్లు మూగబోయింది. ప్యాంట్లకు మడతలు కుట్టే మిషను చప్పుడు, గరిటె చప్పుడు, అంతే. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో మనుషులు చచ్చినప్పుడు కూడా లేదు. ఆ కుట్టుమిషను జెండా భార్యది. బట్టల షాపుల ప్యాంట్లు తెచ్చుకుని పొడుగు తగ్గించి ఇస్తుంది.

ఒక సాయంత్రం ఆవిడ అతని మంచి చొక్కాను మిషను తుడిచే గుడ్డగా వాడటం జెండా కంట పడింది. కోపం నషాళానికి అంటింది. లేచి నిలబడి, "యూ... యూ..." అన్నాడు.

"ఫుల్ సెంటెన్స్ నాన్నా" అంది కూతురు కంచంలోంచి తల ఎత్తకుండా.

తిట్టుకు ఫుల్ సెంటెన్సు ఎక్కడినుంచి తెస్తాడు? ఏ మాట ముందు, ఏ మాట వెనక అని వెతుక్కునే లోపు కోపం చల్లారిపోయింది. చల్లారిపోయినందుకు మళ్ళీ కోపం వచ్చింది, దానికీ వాక్యం దొరకలేదు. భార్య దారం తెంపుతూ "వెరీ గుడ్ లాంగ్వేజ్" అంది. తర్వాత తెలుగులోకి దిగి, "ఇన్నేళ్ళకి ఈ ఇంట్లో తిట్లు తగ్గినయ్. దీన్నిట్టాగే ఉంచుదామే అమ్మాయ్" అంది.

అసలు మంట అక్కడుంది. ఆవిడకు వచ్చేస్తోంది! కుట్టుకుంటూ, కూతురు చెప్పేది చెవిన వేసుకుంటూ, గ్యాసతనితో "కమ్ టుమారో" అనేస్తోంది, ఎదురింటావిడతో "నో ప్రాబ్లం" అనేస్తోంది. పరీక్ష లేనివాళ్ళకు ఎందుకు రాదు? ఈత రానివాడిని ఏట్లోకి తోసి, గట్టున కూర్చున్నవాళ్ళు కాళ్ళు తడుపుకుంటున్నట్టుంది అతనికి. "నీకెందుకొచ్చిన ఇంగ్లీషే?" అన్నాడొకసారి. "ఊరికే వస్తుంటే వద్దంటానా?" అంది ఆవిడ.

మొదటి పరీక్షలో అయ్యిందేమిటో చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. హెడ్‌సెట్ పెట్టారు, చెవిలో ఎవరో మాట్లాడారు. పేరు అడిగితే "యెస్ సార్" అన్నాడు. లోడు ఎక్కడుందంటే "యెస్ సార్" అన్నాడు. వినపడుతోందా అని రెట్టించి అడిగితే దానికీ అదే. ఆ చెవిలో మాట్లాడింది ఆడమనిషి అని బయటికొచ్చాక గాని అతనికి తట్టలేదు.

మిగిలింది ఒక్క అవకాశం. "మొక్కై వంగనిది మానై వంగుతుందా" అని చుట్టాల్లో ఒకరు సానుభూతి చూపించారు కూడా. అప్పుడు వచ్చాడు బావ.

"వంగకపోతే వంచుదాం బావా. నీకు క్లాసులు కాదు, లోడు కావాలి" అన్నాడు.

మేడ మీద పిట్టగోడకు గిలక కట్టాడు. గిలకకు తాడు, తాడుకు నీళ్ళ బకెట్టు. బావ మేడ మీద వీధికి వీపు పెట్టి కుర్చీలో కూర్చుంటాడు, చేతిలో తాడు, ఒళ్ళో ఫోను. జెండా కింద వాకిట్లో నిలబడి ఫోన్లో ఇంగ్లీషులో చెప్పాలి. చెవిలో వైరు పెట్టుకున్నాడు కాబట్టి చేతులు ఖాళీ. బావ వెనక్కి తిరిగి చూడకూడదు. ఆ నిటారు మెట్లెక్కి వచ్చినందుకు బావ రోజూ ఆయాసపడేవాడు గానీ మెట్ల గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు.

రోజులు గడిచేకొద్దీ నోరు తిరగసాగింది. అప్, లోవర్, స్లో, లిటిల్ మోర్, లెఫ్ట్ సైడ్, హోల్డ్. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చూడనీ. టీచరమ్మ దగ్గరకన్నా ఇక్కడ మాట తేలిగ్గా వస్తోంది. ఎదురుగా కదిలే బరువుంటే దేన్ని ఏమనాలో నాలుకకు తనంతట తనే తెలుస్తోంది. ఒక్కటే చిక్కు. అప్పుడప్పుడు బకెట్టు ఆగాల్సిన చోట ఆగకుండా వచ్చి అతని పాదం మీద కూర్చునేది.

"స్టాప్ అన్నాను కదా!" అని అరిచేవాడు జెండా, కుంటుకుంటూ.

"అనలేదు బావా."

"అన్నాను!"

"ఫోను మీదే చెవి పెట్టుకుని కూర్చున్నా. అంటే వినపడదా?"

"నీకు చెవుడొచ్చింది. అన్నేళ్ళు ఆ ఇంజను రొదలో కూర్చుంటే రాక ఏమవుద్ది? వెళ్ళి చూపించుకో!"

అన్నకు చెవుడని ఇంట్లో కూడా అంటే భార్య ఊరుకోలేదు. "మా అన్నకేం చెవుడు లేదు. పక్కింట్లో పాలు పొంగితే వినపడుద్ది ఆయనకి" అంది. పుట్టింటి పక్షం అలాగే మాట్లాడుతుందిలే అనుకున్నాడు జెండా. బావ మాత్రం మెత్తబడి, నిజంగానే ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళి చెవులు చూపించుకుని వచ్చాడు. గుబిలి తీశారట. ఆ తర్వాత కూడా బకెట్టు రెండుసార్లు పాదం మీదికి వచ్చింది. ముసలాడి చెవి అంత తొందరగా బాగుపడదులే అని జెండా సర్దుకున్నాడు.

రెండో పరీక్ష రోజున అతనికి భయం వెయ్యలేదు. అదే హెడ్‌సెట్, అదే ఆడగొంతు. "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాడు. పేరు చెప్పాడు. ఎదురుగా పెద్ద తెర, తెర మీద బొమ్మ క్రేను, నీలం రంగు పెట్టె. పక్క గదిలో ఆపరేటరు, మధ్యలో గోడ. జెండా మొదలుపెట్టాడు. అప్. స్లో. లిటిల్ లెఫ్ట్. హోల్డ్. గాలి ఎటుందని అడిగితే చెప్పాడు, కింద మనుషులున్నారా అంటే చెప్పాడు. ఒకచోట మాట తడబడితే ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఆఫీసరు పక్కనున్నాయన వైపు చూసి తల పంకించడం అతని కంట పడింది. గుండె ఉబ్బింది. ఇంటికెళ్ళి ఆ మాట బావకు ఎలా చెప్పాలో కూడా అప్పుడే అనుకున్నాడు.

పెట్టె దిగుతోంది. లోవర్, లోవర్. ఉన్నట్టుండి తెర మీద బొమ్మ మనిషి ఒకడు పెట్టె కిందికి నడిచి వచ్చాడు. జెండా ఆపేశాడు. తక్షణం ఆపేశాడు. పెట్టె మాత్రం ఆగలేదు. దిగి ఆ బొమ్మ మనిషి మీద కూర్చుంది. తెరంతా ఎర్రగా మారిపోయింది.

"స్టాప్ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు ఆఫీసరు. ఈసారి తెలుగులోనే.

"చెప్పాను సార్."

"చెప్పలేదయ్యా."

"మీ మిషను పట్టుకోలేదు సార్. గట్టిగానే చెప్పాను. గోడవతల ఆవిడను అడగండి."

ఆఫీసరు వాదించలేదు. రికార్డింగు పెట్టి వినిపించాడు. జెండా గొంతు స్పష్టంగా వచ్చింది. లోవర్, లోవర్ అంటోంది. బాగానే అంటోంది. ఆ తర్వాత కుర్చీ కిర్రుమంది. ఒక పెద్ద ఊపిరి వినపడింది. ఆపైన ఏమీ లేదు. పెట్టె పడ్డ చప్పుడు.

ఇంకోసారి పెట్టమన్నాడు. ఇంకోసారి పెట్టారు. అప్పుడు తల దించి చూసుకుంటే తెలిసింది, అతని రెండు చేతులూ ఇంకా బారజాపే ఉన్నాయి, అరచేతులు నేలకేసి ఉన్నాయి. అతను చెప్పడం నిజం. చెప్పింది చెయ్యి. గోడవతల ఉన్న మనిషికి చెయ్యేం వినపడుతుంది?

ఏ మాటకు తప్పాడు? నోరు తిరగని మాటకా, ఎప్పుడూ వినని మాటకా? స్టాప్! తండ్రి భుజం మీద బస్సెక్కిన నాటినుంచి తెలిసిన మాట. దానికి క్లాసెందుకు, టీచరమ్మ ఎందుకు, దీపాలు పెట్టాక మూగనోము ఎందుకు? వచ్చిన ఇంగ్లీషంతా వచ్చి, అందరికీ వచ్చిన ఒక్క ముక్క దగ్గర బోర్లా పడ్డాడు. రాకపోతే రాలేదని ఏడవచ్చు. వచ్చి కూడా బయటికి రానిదాన్ని ఏమని ఏడవాలి? "స్టాప్ స్టాప్ స్టాప్" అని ఆ గదిలోనే గొణిగాడు. "ఇప్పుడెందుకయ్యా" అన్నాడు ఆఫీసరు మెల్లగా.

ఇంటికొచ్చేసరికి బావ వాకిట్లో బకెట్టు పక్కన కూర్చుని ఉన్నాడు. జెండా మొహం చూసి బకెట్టు పక్కకు జరిపి చోటిచ్చాడు.

"నీకు చెవుడు లేదు బావా" అన్నాడు జెండా.

"ఆ డాక్టరూ అదే అన్నాడు" అన్నాడు బావ. లేచి మేడెక్కి గిలక విప్పి, తాడు చుట్టి పక్కన పెట్టాడు.

తాళ్ళ షెడ్డు అనుకున్నట్టే ఉంది. రేకుల కప్పు, గ్రీజు వాసన, తెగిన తాళ్ళ గుట్ట. బయట కొత్త క్రేను కదిలితే నేల అదిరేది, కనపడేది కాదు. తాడు చుట్టడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి అక్కడ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మాట్లాడటానికి మనసు కూడా లేదు. ఇంట్లో ఇంగ్లీషు చట్టం రద్దయింది. మళ్ళీ తెలుగులో తిట్లు మొదలయ్యాయి, కాకపోతే వాటిలో ఊపు లేదు. భార్య "నో ప్రాబ్లం" అనబోయి అతన్ని చూసి మింగేయడం అతనికి తెలుస్తూనే ఉంది. ఆ మింగడం చూస్తే ఇంకా మండేది.

ఒక సెలవు రోజున కుట్టిన ప్యాంట్లు షాపులో ఇవ్వడానికి ఇద్దరూ బయల్దేరారు. రెండు పెద్ద మూటలు. రెండూ అతనే ఎత్తుకున్నాడు, చేతికొకటి. ఆవిడ ముందు నడుస్తోంది. సందు మలుపులో ఒక వ్యాను ఆగి ఉంది. దాని వెనక ఆవిడ చెప్పు తెగింది, తీసుకుందామని వంగింది. సరిగ్గా అప్పుడే వ్యాను వెనక్కి కదిలింది.

"స్టాప్! స్టాప్! హోల్డ్! స్టాప్!"

సందు సందంతా అదిరింది. ఒక షాపతను తూకం మధ్యలో వదిలేసి బయటికొచ్చాడు. వ్యాను ఆవిడకు జానెడు దూరంలో కీచుమని ఆగింది. ఆవిడ చెప్పు చేత్తో పట్టుకుని నెమ్మదిగా నిలబడింది.

డ్రైవరు తల బయటపెట్టాడు. బెదిరిపోయి ఉన్నాడు, ఆ బెదురంతా కోపమై వచ్చింది. "ఏందయ్యా ఆ అరుపు? గుండె ఆగినంత పనైంది! అద్దంలో నిన్నే చూస్తున్నాగా. చెయ్యి ఊపితే ఆపనా?"

జెండా తన చేతుల వైపు చూసుకున్నాడు. మూటలు రెండూ అలాగే వేలాడుతున్నాయి.

భార్య దగ్గరికొచ్చింది. అతని మొహంలోకి చూసింది. ఏదో అనబోయింది.

"నువ్వేం అనకు" అన్నాడు.

ఆవిడ ఒక మూట అందుకుందామని చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు.